ఇంకొక్క పూత

మార్చి 3

ఈ పుస్తకం కొని చాలా రోజులైంది. మొదటి పేజీ పాడుచేయడం ఇష్టంలేక అలాగే ఉంచాను. నిన్న ధైర్యం చేసి రాశాను. అక్షరాలు పైకి ఎక్కుతూ పోయాయి. చించేశాను. కాబట్టి ఇదే మొదటి పేజీ.

కండక్టరమ్మ కన్ను ఇవాళ ఇవ్వాలి. ఇవ్వలేదు.

తప్పు నాది కాదు. వర్క్‌షాపులో కొత్త ట్యూబులైటు బిగించారు, దాని వెలుగు నీలంగా ఉంది. ఆ వెలుగులో తేనె రంగు తేనెలా ఉండదు, మట్టిలా ఉంటుంది. ఆవిడ కుడికన్ను తేనె రంగు. పోయింది ఎడమది, జబ్బుచేసి తీసేయాల్సి వచ్చింది. తేనె రంగు నాకు పెద్ద పని కాదు, పదేళ్ళుగా పెట్టుడు కళ్ళకు రంగులు వేస్తున్నదాన్ని. కానీ ఆవిడ నల్లగుడ్డులో, ముక్కు వైపు, సన్నటి ఆకుపచ్చ జీర ఒకటుంది. ఆ జీర నా ప్రాణం తీస్తోంది. నల్లగుడ్డు కోసం చేసిన చిన్న బిళ్ళ మీద రంగు వేసి, దాని మీద నీటిచుక్క పెట్టి చూస్తాను. పైన అద్దంలాంటి పొర వచ్చాక ఎలా ఉండబోతుందో ఆ చుక్కే చెప్తుంది. చుక్క ఉన్నంతసేపూ అది ఆవిడ కన్నే. తుడిచి మళ్ళీ పెట్టి చూస్తే ఇంకెవరిదో.

ఫోన్ చేసి ఇంకో వారం అడిగాను. "వారమేగా, పర్వాలేదమ్మా. ఇన్నాళ్ళు ఆగినదాన్ని వారం ఆగలేనా?" అంది.

మంచి మనిషి. మంచి మనిషి కాకపోతే బావుండు.

మార్చి 5

ట్యూబులైటు మార్పించాను. రంగు మారలేదు. మారింది, కానీ ఇంకోలా మారింది.

మార్చి 9

వర్క్‌షాపు మెట్లెక్కుతుంటే గుండె దడదడ కొట్టుకుంది. మెట్లు కొత్తవి కావు. నేనూ కొత్తదాన్ని కాను. పొద్దున టీ ఎక్కువైనట్టుంది.

పెద్దాయన వచ్చారు. వర్క్‌షాపు ఆయనదే, నాకు బ్రష్ పట్టడం నేర్పిందీ ఆయనే. చెయ్యి వణకడం మొదలయ్యాక ఒక్క పూటే వస్తున్నారు. నా బల్ల దగ్గర నిలబడి బిళ్ళల వరుస చూశారు. అన్నీ కండక్టరమ్మవే.

"వీటిలో ఏది బాగాలేదు?" అన్నారు.

"అన్నీ."

ఒకటి తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇది ఇచ్చెయ్."

"అది మరీ పసుపండీ."

"సరే, దీని పక్కది."

"దాని జీర చూడండి. జీర కాదది, మరక."

"అమ్మాయ్, ఎదుటివాళ్ళు ఎవరైనా మూరెడు దూరం నుంచి చూస్తారు. నువ్వు భూతద్దం పెట్టి చూస్తున్నావు."

"భూతద్దం పెట్టడం మీరు నేర్పిందే కదండీ."

పెద్దాయన బిళ్ళ మళ్ళీ వరుసలో పెట్టేశారు. తర్వాత చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. అది కోపమో కాదో తెలీలేదు. సాయంత్రందాకా అదే ఆలోచన. కోపమైతే "అమ్మాయ్" అనరు కదా. లేక కోపమొస్తేనే అంటారా?

మార్చి 11

టీ మానేశాను. తలనొప్పి. గుండె మాత్రం అలాగే.

మార్చి 14

నా చూపే పాడైందేమోనని అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. రంగురంగుల చుక్కల పుస్తకం ముందుపెట్టి, అందులో దాక్కున్న అంకెలు చదవమన్నాడు. గడగడా చదివేశాను. "రంగులు విడదీసి చూడటంలో మీకు వంక పెట్టడానికి లేదు. హాయిగా ఇంటికెళ్ళండి" అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. చూపు పాడై ఉంటే ఎంత బాగుండేది. మందు వేసుకునేదాన్ని. లేదా పని మానేసేదాన్ని, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

పైన రాసింది చదివితే పిచ్చిదాని రాతలా ఉంది. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే పేజీ అసహ్యంగా తయారవుతుంది. ఉండనీ.

మార్చి 17

కండక్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. యూనిఫాం, నల్లకళ్ళద్దాలు, భుజాన సంచీ. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుంటూనే, "ఏంటమ్మా, నా కన్ను ఇంకా చదువుకుంటూనే ఉందా? ఎప్పుడు పాసవుతుంది?" అంది.

నవ్వాను.

"ఈ నల్లద్దాలతో పడలేకపోతున్నానమ్మా. నిన్న ఒకాయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సీట్లో కూర్చోబెట్టాడు, పాపం గుడ్డిదాన్ననుకుని. నా బస్సులో నన్నే! మరి అప్పటిదాకా టికెట్ టికెట్ అని అరిచిందెవరనుకున్నాడో."

"అద్దాలు తీసేయొచ్చు కదా?"

"తీస్తే పిల్లలు జడుసుకుంటున్నారు. మీరిచ్చిన ఆ చిప్పకి రంగు లేదాయె, లోపలి ఎర్రటి కండ అంతా కనిపిస్తుంది."

చిప్ప పెట్టుకోవాలి. అసలు కన్ను వచ్చేదాకా కంటిగుంట బిగుసుకుపోకుండా కాపాడేది అదే. ఆ సంగతి ఇవాళ మళ్ళీ గట్టిగా చెప్పానా? చెప్పే ఉంటాను. మొదట్లో చెప్పాను, అది మాత్రం గుర్తుంది.

"ఇంకో మాట. నెలాఖరుదాకా చూసి, అప్పటికీ కన్ను లేకపోతే నన్ను డిపోలో లెక్కల గదిలో కూర్చోబెడతారట. ఆ గదిలో ఒక ఫ్యానూ, ఒక బీరువా తప్ప ఏమీ ఉండవు. నేను మాట్లాడకుండా బతకలేనమ్మా."

రంగు పోల్చుకుందామని ఆవిడ కుడికన్ను వైపు చూశాను. మబ్బు పట్టగానే జీర పచ్చగా తేలింది. మబ్బు పోగానే తేనెలో కలిసిపోయింది. ఆవిడ నవ్వితే మూడో రంగు.

"ఒక్క క్షణం నవ్వకండి" అన్నాను.

"నవ్వకపోతే అది నా కన్నే కాదుగా" అంది.

వారం అడిగాను. ఇచ్చింది. మెట్లు దిగుతూ కూడా ఏదో కూనిరాగం తీసింది.

మార్చి 20

ఇంట్లో ఈయన తువ్వాళ్ళు మడతపెట్టారు. నేను విప్పి మళ్ళీ మడతపెడుతుంటే గుమ్మంలో నిలబడి చూశారు.

"నేను పెట్టాను కదా."

"అవును. ఊరికే సర్దుతున్నా."

"సర్దడానికి ఏముంది అందులో?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనప్పుడు ఎందుకు?"

ఉంది. ఆయన అంచులు సుమారుగా కలుపుతారు, నేను సరిగ్గా కలుపుతాను. ఇంతే తేడా. ఇది పైకి చెప్తే నాకే చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను.

"ఈ ఇంట్లో నేనేం చేసినా నీ చేతిలో రెండోసారి పడాల్సిందే. అందుకే చేయడం మానేశాను. ఆ తర్వాత, నేను నీకు సాయం చేయనని మీ వదినతో చెప్పావట" అన్నారు. అరవలేదు. మెల్లగా అన్నారు.

చెప్పాను. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ నిజమైతే తప్పెవరిది?

మార్చి 24

ఆవిడ ఫోన్ చేసింది. రంగుల డబ్బా రాలేదని చెప్పాను. డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. అబద్ధం చెప్తున్నంతసేపూ గుండె బుద్ధిగా ఉంది. ఫోన్ పెట్టేశాక మొదలైంది. వింతగా ఉంది.

"అయితే రేపో మాపో వచ్చేస్తుందిగా?" అంది.

"రేపో మాపో" అన్నాను.

మార్చి 25

రేపు ఖాయం.

మార్చి 26

రేపు.

మార్చి 29

కిందటేడాది ఒకాయన, తాళాలు బాగుచేసే ఆయన, నేను చేసిన కన్ను వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మా ఆవిడ దీన్ని చచ్చిన కన్నంటోందండీ" అన్నాడు. మళ్ళీ చేసిచ్చాను. తీసుకున్నాడు. బావుందన్నాడు. అయిపోయింది.

దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆయనది నల్లకన్ను, ఈవిడది తేనె రంగు. ఇవాళ అది ఎందుకు గుర్తొచ్చిందో తెలీదు. ఎప్పుడూ గుర్తురాదు. నిన్న ఒకసారి వచ్చింది, అంతే. మొన్న కూడా.

సంబంధం లేదు.

ఏప్రిల్ 2

రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

నిన్న సాయంత్రానికి కన్ను పూర్తయింది. తెల్లగుడ్డు మీద నరాల కోసం పరిచిన ఎర్ర పట్టుపోగులు అచ్చం నరాల్లాగే కుదిరాయి. పైపొర పోశాను, పాలిష్ పట్టాను. పెద్దాయన చూసి, "ఇక దాన్ని ముట్టుకోకు" అన్నారు. పెట్టెలో పెట్టాను. ఆవిడకు ఫోన్ చేసి రమ్మన్నాను.

పొద్దున అందరికంటే ముందు నేనే తాళం తీశాను. ఒక్కసారి ఊరికే చూద్దామని పెట్టె తెరిచాను. జీర ఉండాల్సిన చోటికి కొంచెం పక్కగా ఉంది. కొంచెమంటే వెంట్రుకవాసి. నిన్న అలా లేదు. ఉండే ఉంటుంది, నేను చూడలేదు. చూడకుండా ఎలా ఉన్నాను? ఆవిడ వచ్చేలోపు పైపొర గీకేసి, ఇంకొక్క పూత వేసి, మళ్ళీ పొర పోసేయొచ్చనిపించింది. పొర గట్టిపడటానికే సగం రోజు పడుతుందని నాకు తెలుసు. తెలిసే మోటారు వేశాను. చక్రం ఆనగానే కన్ను పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

అప్పుడు హాయిగా అనిపించింది. ఇది నిజం, అందుకే రాస్తున్నాను. పాడైపోయింది, ఇక ఇవాళ ఇవ్వక్కర్లేదు అని ఒళ్ళంతా తేలికైంది.

వెనక్కి తిరిగితే పెద్దాయన తలుపు దగ్గరున్నారు.

"ఏం చేశావ్?"

"ఒక్క పూత..."

"ఏం చేశావమ్మా?" అన్నారు మళ్ళీ. ఆయన చెయ్యి కాదు, ఈసారి గొంతు వణికింది.

ఆవిడ వచ్చింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, తల నున్నగా దువ్వుకుని. ఇక్కణ్ణుంచి కన్ను పెట్టుకుని నేరుగా డిపోకే వెళ్దామనుకుందట. పెద్దాయనే చెప్పారు, చివర్లో చిన్న దెబ్బ తగిలింది, మళ్ళీ చేయాలని. నా పేరెత్తలేదు.

ఆవిడ సంచీ కింద పెట్టి, "సరే. కనీసం గుంటన్నా చూడండి, ఈమధ్య పట్టేసినట్టుంటోంది" అని అద్దాలు తీసింది.

చిప్ప లేదు.

"చిప్పేదమ్మా?" అన్నారు పెద్దాయన.

"తీసేశానండీ. ఒరుసుకుపోతోంది. ఎలాగూ రేపో మాపో అసలుది వచ్చేస్తుందని ఈవిడ అన్నారుగా."

పెద్దాయన రెప్ప ఎత్తి చూశారు. నేనూ చూశాను. గుంట బిగుసుకుపోయింది. నేను గీకేసిన కన్ను గీకకుండా ఉన్నా సరే, ఇప్పుడది పట్టదు. చిన్న చిప్పతో మొదలుపెట్టి నెమ్మదిగా సాగదీయాలి, తర్వాత అచ్చు మళ్ళీ తీయాలి. సాగకపోతే ఇంకో ఆపరేషను.

అదంతా పెద్దాయన ఆవిడకు చెప్తుంటే నేను బల్ల తుడుస్తున్నాను. శుభ్రంగా ఉన్న బల్లే.

ఏప్రిల్ 3

వెళ్ళలేదు.

ఏప్రిల్ 4

జ్వరమని చెప్పాను. థర్మామీటరు పెడితే లేదంది. థర్మామీటరు పాతది.

ఏప్రిల్ 6

వదిన వచ్చింది. మా అన్నయ్య పంపాడా, ఈయన రప్పించారా తెలీదు. రాగానే కిటికీ తెర లాగి, "ఏమే, గుహలో కాపురమా?" అంది.

"గుండెజబ్బేమో వదినా. దడ ఆగడం లేదు."

"అయితే పద, చూపిద్దాం."

ఏం కాదులే అంటుందనుకున్నాను. పద అంటుందనుకోలేదు.

ఒంటి నిండా వైర్లు అంటించి గీతలు తీశారు. అంతా బావుందట. "బావుంటే ఎందుకు కొట్టుకుంటోంది?" అని అడిగాను. "కొట్టుకోవడమే కదమ్మా దాని పని" అని నవ్వాడు డాక్టరు. నాకు నవ్వు రాలేదు. ఇంకేమేం ఇబ్బందులని అడిగాడు. నిద్ర, తిండి, పని. వదిన నాకంటే ముందు జవాబులు చెప్పేసింది. చివరికి మనసు డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు.

"నాకేం పిచ్చి కాదు" అన్నాను బయటికొచ్చాక.

"పిచ్చని ఎవరన్నారు? మడతపెట్టిన తువ్వాళ్ళని మళ్ళీ మడతపెట్టేదాన్ని పిచ్చిదంటారా? పనిమంతురాలంటారు" అంది. నాలుగడుగులు వేశాక రోడ్డు మధ్యలోనే ఆగి నా మొహంలోకి చూసింది. "నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

తెలీదు. వెనకాల స్కూటరువాడు హారన్ కొడుతుంటే కూడా వదిన కదల్లేదు.

ఏప్రిల్ 10

డాక్టరమ్మ గదిలో కేలండరు వంకరగా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూశాను. చివరికి లేచి సరిచేశాను. ఆవిడ ఏదో రాసుకుంది. నన్ను పరీక్షించడానికి కావాలనే అలా పెట్టారా అని అడిగాను. "లేదండీ, మేకు వదులైంది" అంది. నమ్మాలో లేదో.

తాళాల ఆయన సంగతి చెప్పాను. చెప్పాలని వెళ్ళలేదు.

"ఆ మాట విన్నప్పుడు ఏమనిపించింది?"

"కన్ను బాగాలేదని."

"కన్ను సంగతి కాదు. మీ గురించి ఏమనిపించింది?"

చెప్పాను, నేనే బాగాలేనని అనిపించిందని. ఆ రెండూ ఒకటే కదా అన్నాను. కాదంది. కన్ను బాగా రాకపోవడం వేరు, నేను బాగాలేకపోవడం వేరు అంది. అక్కడున్నంతసేపూ అర్థమైంది. ఇంటికొచ్చాక మళ్ళీ రెండూ ఒకటే అయిపోయాయి.

చిన్న మాత్ర రాసింది. దాంతోపాటు ఒక పని. రోజూ ఒక చిన్న తప్పు కావాలని చేయాలి, దిద్దకూడదు. భయం వస్తుంది, రానివ్వాలి. దాన్నుంచి పారిపోకుండా పక్కనే కూర్చుంటే కాసేపటికి అదే లేచిపోతుందట.

"లేచిపోకపోతే?"

"చూసి చెప్పండి" అంది.

ఏప్రిల్ 12

ఏ తప్పు చేయాలో పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. మరీ చిన్నదైతే తప్పు కిందకి రాదు. పెద్దదైతే ఎవరికైనా ఇబ్బంది. సరైన తప్పు దొరకడం లేదు.

రాశాక చూసుకుంటే నవ్వొచ్చింది. సరైన తప్పు!

చివరికి వదినకు మెసేజ్ పెట్టాను. "నేను బాగున్నను." దీర్ఘం లేకుండా. పంపగానే అరచేతులు చెమట పట్టాయి. దిద్ది ఇంకోటి పంపుదామని వేలు దానంతటదే వెళ్ళింది. ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో బట్టల కింద పెట్టాను. తర్వాత తీసి చూస్తే వదిన జవాబు: "సంతోషం. కానీ నమ్మకం కుదరట్లేదు."

దీర్ఘం లేదని ఆవిడ చూడనేలేదు. బాగున్నాననే మాటనే నమ్మలేదు.

ఏప్రిల్ 15

ఈయన గిన్నెలు కడిగారు. ఒక గ్లాసు అంచున సబ్బు మరక. కడగలేదు. అందులోనే నీళ్ళు తాగాను. సబ్బు రుచి. ఈయన చూశారు. కాసేపాగి వంటింట్లో ఈల వినిపించింది. పెళ్ళైన కొత్తలో ఈల వేసేవారు. ఎప్పుడు మానేశారో నేను గమనించనేలేదు.

ఏప్రిల్ 18

పెద్దాయన ఫోన్ చేశారు. కండక్టరమ్మకు తను నచ్చజెప్తానన్నారు. నేనే మాట్లాడతానన్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. రాసింది దిద్దడం మొదలుపెట్టాను. ఇలా అయితే సాయంత్రమవుతుందని కాగితం చింపేసి ఫోన్ కలిపాను.

"దెబ్బ తగల్లేదండీ. నేనే పాడుచేశాను. పూర్తయినదాన్ని గీకేశాను. రంగుల డబ్బా రాలేదన్నది కూడా అబద్ధం."

అవతల ఫ్యాను కిరకిరమంటోంది. లెక్కల గదే అయ్యుంటుంది.

"ఎందుకు?" అంది.

"సరిగ్గా కుదర్లేదని."

"ఎవరికి?"

చింపేసిన కాగితం ముక్కలు బల్ల మీద వరుసగా పేర్చడం మొదలుపెట్టాను.

"నేను అచ్చుగుద్దినట్టు చేయమన్నానా అమ్మా? చేయమన్నాను, అంతే కదా అడిగింది?" గొంతు పెరిగింది. "నా కన్ను ఎలాగూ పోయింది. దాన్ని మీరు తెచ్చిస్తారనుకోలేదు. మొహాన పెట్టుకుని పనికి పోవడానికి ఒకటడిగాను. దానికి ఇంత..." మధ్యలో ఆపేసింది. "ఆలోచించుకుని చెప్తా."

పెట్టేసింది. దడ వచ్చింది. కుర్చీలోంచి లేవలేదు. ఎక్కువైంది, ఇంకా ఎక్కువైంది, ఇక పడిపోతాననుకున్నాను. తర్వాత ఎప్పుడో, నేను చూస్తూ చూస్తూ ఉండగానే, తగ్గింది. నాకు తగ్గేసరికి ఆవిడ కోపం తగ్గలేదు కదా. ఆవిడ అక్కడ కోపంగా ఉండగానే నాకు ఇక్కడ తగ్గింది. అలా తగ్గొచ్చా? అది మంచిదేనా, సిగ్గులేకపోవడమా? డాక్టరమ్మని అడగాలి.

ఏప్రిల్ 22

పనిలోకి వెళ్ళాను. ఆవిడా వచ్చింది.

"ఇంకోచోట కనుక్కున్నాను. చాలామంది వరసలో ఉన్నారు, వానాకాలం దాటాక రమ్మన్నారు. అందుకని వచ్చాను. మీ మీద ప్రేమతో కాదు" అంది. నవ్వలేదు.

అన్నిటికంటే చిన్న చిప్ప చేసిచ్చాను. చిప్పకు రంగుండదు. ఒక్కసారికే చేసేశాను.

మే 8

ఇంకొంచెం పెద్ద చిప్ప పట్టింది. "సాగుతోంది" అన్నారు పెద్దాయన. ఆపరేషను అవసరం ఉండకపోవచ్చట. ఆవిడ ఇవాళ ఒక జోకు వేసింది. నా మీదే. రాయను.

మే 13

పొద్దున్నుంచీ బీరువా మొత్తం దింపి మళ్ళీ సర్దాను. మాత్ర వేసుకుంటున్నాను, తప్పులు చేస్తున్నాను, భయం పక్కన కూర్చుంటున్నాను. అయినా బీరువా సర్దాను. ఏమీ మారలేదేమో. ఈయన అడుగుతారనుకున్నాను. అడగలేదు. అడక్కపోవడం మంచికో, విసుగుతోనో.

మే 21

అచ్చు మళ్ళీ తీశాం. మైనంతో చేసి చూస్తే బాగా కూర్చుంది. ఇవాళ రంగు.

పెద్దాయన షరతు పెట్టారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే వేయాలి. ఆవిడ లేచేసరికి బ్రష్ కింద పెట్టాలి. సరేనన్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది. లెక్కల గదిలో పక్కనాయన రోజంతా ఒక్క మాట మాట్లాడడట, తుమ్మితే మాత్రం క్షమించండి అంటాడట. "ఆ తుమ్ము కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నానమ్మా" అంది. పెద్దాయన కిసుక్కుమన్నారు. నేను రంగు చూస్తున్నాను. మబ్బు వచ్చింది, పోయింది. ఆవిడ నవ్వింది, మానేసింది. ఏ రంగు వేయాలి? నవ్వేటప్పటిదా, మబ్బప్పటిదా? అన్నీ ఆవిడవే. ఏదో ఒకటే వేయగలను. డిపో మేనేజరుని తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిడుతున్నప్పటి రంగు పట్టుకుని వేశాను.

నీటిచుక్క పెట్టాను. బావుందా? తెలీలేదు. జీర కొంచెం లావుగా వచ్చింది.

"ఇంకొక్క పూత" అన్నాను.

పెద్దాయన గట్టిగా దగ్గారు. ఆవిడ లేచి నిలబడింది. "నాకు టైమైందమ్మా."

బ్రష్ కింద పెట్టాను. పెద్దాయన బిళ్ళ తీసుకుని, బీరువాలో పెట్టి తాళంవేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. దొంగని చూసినట్టు నన్ను ఓరగా చూశారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

మే 24

ఇచ్చేశాను.

నిన్న పొర పోస్తున్నప్పుడూ, పాలిష్ పడుతున్నప్పుడూ పెద్దాయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇవాళ ఆవిడ కన్ను పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"కొంచెం పెద్దగా ఉన్నట్టుంది కదూ?"

నా చెయ్యి ముందుకెళ్ళిపోయింది. "ఇలా ఇవ్వండి, ఒక్క పిసరు అరగదీస్తే..."

ఆవిడ రెండు చేతులతో కన్ను మూసేసుకుంది. "అమ్మో! చచ్చినా ఇవ్వను. మీ చేతికిస్తే మళ్ళీ వస్తుందా?"

పెద్దాయన పడీ పడీ నవ్వారు. ఆవిడా నవ్వింది. చేతులు తీసి మళ్ళీ అద్దంలోకి చూసుకుంది. చెంపల మీద నీళ్ళు జారాయి.

"రెండింట్లోంచీ వస్తున్నాయే" అంది ఆశ్చర్యంగా.

"వస్తాయమ్మా, కన్నీటి గ్రంథి తీసేయలేదు కదా" అన్నారు పెద్దాయన.

జీర లావుగానే ఉంది. ఆవిడ మెట్లు దిగి మలుపు తిరిగేదాకా నాకు అదే కనిపించింది. వీపు కనిపిస్తున్నప్పుడు కూడా.

జూన్ 2

ఫోన్ రాలేదు. బాగుంటే చేయరు, బాగాలేకపోతేనే చేస్తారు అన్నారు పెద్దాయన. నేను చేయబోయి ఆగాను. ఆపుకోవడం బాగుపడటమా, ఊరికే ఆపుకోవడమా?

జూన్ 6

వెళ్ళి సరిచూసుకోవడం కూడా జబ్బులో భాగమే అంది డాక్టరమ్మ. కాబట్టి నేను సరిచూసుకోవడానికి వెళ్ళలేదు. బజారులో పనుండి వెళ్ళాను. ఏం పనో గుర్తులేదు. ఆవిడ బస్సు వచ్చింది. ఎక్కాను.

నిండా జనం. వెనక సీట్లో కిటికీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఆవిడ ముందు నుంచి టికెట్లు కొడుతూ వస్తోంది. నల్లద్దాలు లేవు. అంత దూరం నుంచీ నాకు తెలిసిపోయింది. ఎడమకన్ను కదలడంలో కుడిదానికంటే ఒక్క క్షణం వెనకబడుతోంది. అంత దూరానికి జీర కనిపించదు, కానీ లావుగా ఉన్నట్టే ఉంది. నాకు తెలుస్తోందంటే అందరికీ తెలుస్తుందనే అనుకున్నాను. దిగిపోదామంటే జనంలో దారి లేదు.

అంతలో బస్సు ఒక స్టాపు దాటేసి ఆగింది. ఒకాయన పెద్ద సంచీతో పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. ఎక్కుతూనే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "చెయ్యెత్తి నిలబడ్డాను కదా! కళ్ళు కనబడటం లేదా నీకు?"



"ఒకటి కనబడుతోంది సార్" అంది ఆవిడ. "మీరొక్కరేగా, ఒకటి చాల్లే అనుకున్నా."

బస్సంతా గొల్లుమంది. ఆయన జానెడు దూరంలో నిలబడి ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆయనకీ నవ్వొచ్చింది. "కళ్ళ సంగతేమోగానీ, నోళ్ళు మాత్రం రెండున్నాయి నీకు" అన్నాడు. ఇంకా నవ్వారు. వాళ్ళందరికీ అది జోకు. జోకు కాదని ఆ బస్సులో మా ఇద్దరికే తెలుసు.

ఆవిడ నా సీటు దగ్గరికొచ్చింది. నన్ను గుర్తుపట్టింది. పట్టనట్టే, "ఎక్కడికి?" అంది.

"తెలీదు" అన్నాను. నిజమే చెప్పాను.

వంగి, గొంతు తగ్గించింది. "చూడ్డానికొచ్చారు కదూ?"

"లేదు" అన్నాను. తర్వాత "అవును" అన్నాను.

"చూశారుగా?"

"జీర కొంచెం లావుగా..."

"చివరి స్టాపుకి కొడుతున్నా" అని టికెట్ చింపి నా చేతిలో పెట్టింది. "ఇదే బస్సులో వెనక్కి రండి. కిటికీలోంచి బయటికి చూడండి, నన్ను కాదు."

బయటికి చూశాను. మధ్యమధ్యలో ఆవిడని కూడా చూశాను. ఏది ఎక్కువ చూశానో తెలీదు. జీర మాత్రం అలాగే ఉంది, రేపూ అలాగే ఉంటుంది, ఆవిడ దాన్ని పెట్టుకుని బస్సంతా తిరుగుతోంది.

చివరి స్టాపులో ఏమీ లేదు. ఒక గోడ, ఒక కుళాయి. దిగి నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాను.